ఐదో బొమ్మ

తలుపు మూసుకుని చాలాసేపయింది. లోపలి నుంచి ఏ అలికిడీ లేదు. ఏడ్చినా బాగుండును, ఏడుపయితే అది ఏ రకం ఏడుపో పోల్చుకోవచ్చు అనుకుంటూ రజిని సోఫా అంచున కూర్చుని ఉంది, వీపు ఆనించకుండా, ఇంకెవరో వస్తే లేచి చోటివ్వాల్సిన మనిషిలా. ఎదురుగా టీపాయ్ మీద ఈ ఇంటి పెద్దావిడ శేషమ్మ పెట్టిపోయిన మజ్జిగ గ్లాసు. గ్లాసు చుట్టూ చెమ్మ పట్టింది. ఒక చుక్క నెమ్మదిగా జారి, దారిలో ఇంకో చుక్కను కలుపుకుని, బరువెక్కి గబుక్కున దిగిపోయింది. నీటిరంగులు కూడా అంతే, ఒక చుక్క ఇంకో చుక్కను తాకిందంటే ఇక అది మన చేతిలో ఉండదు. కింద బట్టల కొట్లో ఎవరో మూట దబ్బుమని పడేశారు. ఎవరో ఆడమనిషి ధర తగ్గించమని గొంతు పెంచింది. కిటికీ అవతల పులివెందుల ఎండలో అరటిగెలల లారీ ఒకటి వెనక్కి తిరగలేక ముందుకు, ముందుకు పోలేక వెనక్కి ఊగుతోంది. ఈ ఇంట్లో మాత్రం ఫ్యాను తప్ప కదిలేది లేదు. ఆ తలుపు వెనకాల మంజుశ్రీ ఉంది. మంజుశ్రీ ఒళ్లో రజిని గీసిన ఐదో బొమ్మ ఉంది. ఏ నిమిషంలోనైనా తలుపు తెరుచుకుంటుంది, ఆ పిల్ల అవునంటుంది, లేదంటే కాదంటుంది. కాదంటే ఏం చేయాలో రజినికి తెలియదు. అవునన్నా తెలియదు, ఆ సంగతి ఇందాకే, గడప దాటి లోపలికి అడుగుపెట్టేటప్పుడే తట్టింది.

పాప బొమ్మ అది. పోయిన వానాకాలంలో కడప ఆసుపత్రిలో, నెలలు నిండాక, బయటికి రాకముందే ఊపిరి పోయిన పాప. పెరుగన్నం కలుపుకున్నా ఫొటో తీసుకునే ఈ రోజుల్లో ఆ పాపకు ఒక్క ఫొటో లేదు. ఎవరు తీస్తారు? ఎవరికి చేతులు వస్తాయి? మంజుశ్రీ ఫోన్ చేసిన రోజు రజిని ప్రొద్దుటూరులో బడి వదిలాక బస్టాండులో నిలబడి ఉంది, జమ్మలమడుగు బస్సు కోసం. "మేడమ్, నేను మంజును. గుర్తుండానా?" గుర్తులేకపోవడమేమిటి. వేసవి సెలవుల్లో డ్రాయింగు క్లాసుకు వచ్చే బంగారు అంగడి వాళ్ల అమ్మాయి, రెండు జడల పిల్ల, రబ్బరుతో ఎంత గట్టిగా చెరిపేదంటే కాగితానికి చిల్లు పడేది. ఒకరోజు రజిని ఆ రబ్బరు లాక్కుని కిటికీలోంచి పారేసింది. చెరపద్దు, తప్పు గీతను అట్లే ఉండనీ, సరైనది యాడుందో చూపించేది అదే, దాని పక్కనే ఇంకోటి గియ్యి అని క్లాసంతటికీ చెప్పింది. ఆ పిల్ల రబ్బరు కోసం ఏడ్చింది, తర్వాత ఆ సెలవులంతా ఒక కుండనే గీసింది, ముప్పై వంకర మూతుల మధ్య నుంచి చివరికి ఒక గుండ్రని మూతి తేలేదాకా. ఆ పిల్లకు పెళ్లయిందనీ, పులివెందులలో బట్టల కొట్టు వాళ్ల ఇంటికి వెళ్లిందనీ రజిని విన్నది, అంతే. ఫోనులో ఆ గొంతు, చుట్టూ బస్టాండు రొద. "మా పాప బొమ్మ ఒకటి గీసిస్తారా మేడమ్?" "ఫొటో పంపు మంజూ." "ఫొటో ల్యా మేడమ్." రజిని ఏదో అనేలోపే ఆ పిల్లే మళ్లీ అంది. "నేను చెప్తా, మీరు గీయండి. తప్పులొస్తే దిద్దుకుందాం. మీరే గదా చెప్తాంటిరి."

అప్పుడే వద్దనాల్సింది. కానీ ఎట్లా అనడం? ఎవరన్నా మంచినీళ్లు అడిగితే లేవని ఎట్లా అంటాం? ఆ రాత్రే పెన్సిల్ తీసింది. మంజుశ్రీ చెప్పినవన్నీ మనసులో వరసగా పెట్టుకుంది. నుదురు వెడల్పు, ముక్కు కొన కొంచెం పైకి, పై పెదవి నడుమ చిన్న ఎత్తు. ఎన్నో ముఖాలు గీసిన చెయ్యి తనకు అలవాటైన చోటనే కళ్లు పెట్టింది, తలకు సరిగ్గా సగంలో. పెద్దవాళ్లకు అది సరైన చోటు. పసిపిల్లలకు కళ్లు ఇంకా కిందుగా ఉంటాయి, పైనంతా నుదురే. ఆ సంగతి తెలిసి కూడా చేత్తో ఎన్నడూ చేసి చూడలేదు కదా, తెలియడం వేరు, చేతికి రావడం వేరు. తీసుకొచ్చి ఇదే హాల్లో చూపిస్తే మంజుశ్రీ బొమ్మను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, "ముసిలోళ్ల మాదిరుండాది మేడమ్, నన్నేందో అడగాలని సూస్తాంది" అంది. నిజమే. చిన్న తలకాయ మీద పెద్ద మనిషి కళ్లు, రెప్ప వేయకుండా. కళ్లు తెరిచి గీయడమే తప్పని అప్పుడు తట్టింది రజినికి. ఆ పాప ఏనాడూ కళ్లు తెరవలేదు. ఇంటికి తీసుకుపోయి చించబోయింది. రెండు చేతులా పట్టుకుంది కూడా. కాగితంలోంచి ఆ కళ్లు ఆమెనే చూశాయి. చించలేదు.

రెండోసారి కనురెప్పలు వాల్చింది, నుదురు పెంచింది. ఈసారి పెన్సిల్ వద్దనుకుంది, గీత కటువుగా ఉంటుంది, పసి చర్మానికి గీతలుండవు, నీడలుంటాయి. బొగ్గుతో వేసింది. బొగ్గు మెత్తన, వేలితో రాస్తే పొగలా పరుచుకుంటుంది, బుగ్గ దానంతటదే ఉబ్బుతుంది. వేసి లేచి చూస్తే నిద్రపోతున్నట్టే ఉంది. ఆ తొందరలో దాని మీద బొగ్గు రాలకుండా పట్టి ఉంచే మందు చల్లడం మరిచిపోయింది. ఇక్కడే, ఈ సోఫాలోనే, మంజుశ్రీ చెయ్యి చాపి ఆ బుగ్గను నిమిరింది. బుగ్గ చెరిగి వేలికి వచ్చేసింది. బొమ్మలో ముఖం ఒక పక్క లేకుండా పోయింది. మంజుశ్రీ తన వేలి వంక చూసుకుంది, నల్లగా ఉన్న ఆ కొనను. అరిచి ఉంటే బాగుండేది, ఆ పిల్ల అరవలేదు. పిడికిలి బిగించుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజంతా ఆ చెయ్యి కడుక్కోలేదట, ఎడం చేత్తోనే తిన్నదట, ఆమె మొగుడు వంశీకృష్ణ రజినిని మోటారుసైకిలు మీద బస్టాండులో దింపడానికి వచ్చిన ఇంకోసారి ఆ మాట చెప్పాడు. "అలిసిపోయింది మేడమ్ ఆ పిల్ల. మేమూ అలిసిపోయినాం. ఎట్లన్నా ఒకటి సరింగా వచ్చేస్తే..." ఆ మాట పూర్తి చేయలేదు. సరిగ్గా వస్తే ఏమవుతుందో అతనికీ తెలియదు.

శేషమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి గ్లాసు వైపు చూసి, ముట్టలేదని గమనించి వెనక్కి వెళ్లింది. మంజుశ్రీ అత్త. ఎముకలు గట్టివి, మాటలు తక్కువ. రజిని వచ్చిన ప్రతిసారీ మజ్జిగ పెడుతుంది, ప్రతిసారీ ఆ గుమ్మంలోనే నిలబడుతుంది, బొమ్మ విప్పేసరికి ముఖం తిప్పుకుంటుంది. ఎంత రాయి గుండె అనుకుంది రజిని మొదట్లో. మూడో బొమ్మను మాత్రం చూసింది ఆమె, చూడాలని కాదు, అటు తిరిగేలోపే కంటబడింది. అది నీటిరంగుల బొమ్మ. నీటిరంగుల్లో తెలుపు అనేది వేసేది కాదు, వదిలేసేది. కాగితంలో ఎక్కడ వెలుగు కావాలో అక్కడ చెయ్యి పెట్టకుండా ఉండగలగాలి. రజినికి అది చేత కాలేదు. అంత తెల్లటి చోటు ఖాళీగా ఉంటే భయమేసి కుంచె ముంచింది, నీళ్లు ఎక్కువయ్యాయి, కాగితం అలలు తేలింది, గులాబీ రంగు పెదవుల నుంచి గడ్డం మీదికి, గడ్డం నుంచి మెడ మీదికి జారింది. ఆరాక చూస్తే పాప ఎక్కడో అడుగున ఉంది, పైన కదిలే నీళ్లున్నాయి. శేషమ్మ ఒక్క చూపు చూసి, "నీళ్లల్లో మునిగినట్టుండాది. ఎత్తకపో తల్లీ, మా ఇంట్లో పెట్టద్దు" అంది. ఆ రోజు గొంతు వణికింది ఆమెకు. రజిని అది కోపమనుకుంది.

ఎత్తుకుపోయింది. ఎక్కడికి? జమ్మలమడుగులో ఇంటికే, ముందు గదిలోకి. అప్పటికి అక్కడ ముగ్గురు. కళ్లు తెరిచినామె, సగం బుగ్గ లేనామె, నీళ్లలో ఉన్నామె. బొమ్మలని అనుకోవాలని రజిని ఎంత ప్రయత్నించినా మనసులో 'ముగ్గురు' అనే వస్తోంది. అన్నం తింటూ ఉంటే వీపు మీద చూపు పడినట్టుండేది. పక్క గదిలోకి పోతుంటే ఎవరినో వదిలేసి పోతున్నట్టుండేది. ఒకరోజు మూడింటినీ గోడ వైపుకు తిప్పి పెట్టింది. బడి నుంచి వచ్చేసరికి మూడూ మళ్లీ ఇటు తిరిగి ఉన్నాయి.  వెనక నుంచి అమ్మ గొంతు వినపడింది. దీవెనమ్మ, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "నేనే తిప్పితి. గోడ పక్కకు పెట్టద్దే పాపా, ఊపిరాడదు." "అమ్మా, అవి బొమ్మలు." "తెలుసులే. పొద్దున్నే ప్రార్థనలో వాళ్లను గూడా తలుసుకుంటాండా. పేర్లు లేకపోతే ఎట్ల తలుసుకునేది? నువ్వన్నా ఏమన్నా పేర్లు పెట్టు." వద్దమ్మా, పేర్లు పెట్టద్దు, నీకు దండం పెడతా, అంది రజిని. గొంతు తనకే కొత్తగా వినిపించింది. పేరు పెడితే వాళ్లు ఉన్నట్టే కదా. ఎవరి కడుపునా పుట్టని పిల్లలు, కాదని తిప్పి పంపిన పిల్లలు, ఈ ఇంటికి చేరి, ఈ గోడకు ఆనుకుని.

నాలుగోది ఇంకో రకం. తైలవర్ణం. నూనె రంగు తొందరగా ఆరదు, రోజుల తరబడి దిద్దుకోవచ్చు, తప్పు మీద ఒప్పు వేసుకుంటూ పోవచ్చు. అది సుఖమనుకుంది, అదే ఉరి. బడి నుంచి రాగానే ముక్కు మార్చేది, పొద్దున్నే లేచి పెదవి మార్చేది. మంజుశ్రీ ఫోనులో చెప్పేవి కూడా మారుతూ వచ్చాయి. మొదట ముక్కు కొన పైకి అన్నది, ఇప్పుడు తిన్నగా అంది. జుట్టు రింగులంది, ఆ తర్వాత జుట్టే లేదంది. దుఃఖంలో మనిషికి గుర్తులు చెదిరిపోతాయి కదా అనుకుంది రజిని. ముఖం కింద ముఖం, దాని కింద ఇంకో ముఖం. పైకి తేలిన ముఖం బొద్దుగా, గులాబీ రంగులో, కేలండరులో పాప మాదిరి నవ్వబోతున్నట్టుంది. మంజుశ్రీకి నచ్చింది! చేతులు పట్టుకుని ఏడ్చింది, మంచం ఎదురుగా తగిలించుకుంది. రజిని ఆ రోజు పులివెందుల నుంచి తిరిగొస్తూ బస్సులో నిద్రపోయింది, ఎన్నాళ్లకో. ఉగాదికి ముందు మళ్లీ ఫోన్ వచ్చింది. గొంతు చిన్నగా, ఎవరో వింటారేమో అన్నట్టు. "మేడమ్, ఈ పాప పెరుగుతాంది." "ఏమంటున్నావు మంజూ?" "నిజం మేడమ్. మీరిచ్చినప్పటికంటే పెద్దదైంది. బుగ్గలు సూడండి వచ్చి. ఇది ఎవురి పిల్లో. ఎవురి పిల్లనో నేను పెంచుతాండా. ఎత్తకపోండి మేడమ్."

దాన్ని తువ్వాలులో చుట్టుకుని ఒళ్లో పెట్టుకుని తిరిగి వెళ్లడం, అదొక ప్రయాణం. తొండూరు దాటాక బస్సు నిండింది. ఎడమ పక్కన చీనీ బత్తాయి తోటలు, ఆ తర్వాత తోటలు లేని ఎర్రనేల, దూరంగా ముద్దనూరు వైపు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు. కిటికీలోంచి ఎండ నేరుగా ఒళ్లోకి పడుతోంది. పక్కన కూర్చున్న ముసలామె, చూపు సరిగ్గా ఆనదు కాబోలు, తువ్వాలు మూటను తడిమి చూడకుండానే, "బిడ్డకు ఎండ తగుల్తాంది సూడమ్మా, ఈ పక్కకు రా" అని తాను లేచి చోటు మారింది. బొమ్మ అవ్వా అని చెప్పాలి. నోరు తెరిచింది. చెప్పలేదు. లేచి నీడ పక్కకు జరిగి, మూటను భుజానికి ఆనించుకుంది. చట్రం చెక్క అంచు గడ్డం కింద గుచ్చుకుంది. అది బరువా, కాదు, అంత చిన్న గుడ్డ చట్రానికి బరువేముంటుంది, కానీ జమ్మలమడుగులో దిగేసరికి భుజం లాగేసింది, మర్నాడు కూడా లాగింది.

ఆ మర్నాడే నాలుగింటినీ వరసగా నేల మీద పెట్టి చూసింది, మొదటిసారి పగటి వెలుతురులో. తప్పులు వెతకాలని. ఏ తప్పు ఏం నేర్పిందో లెక్క వేసుకుంటే ఎక్కువే నేర్చుకుంది. పసివాళ్ల కళ్లు ఎక్కడుంటాయో తెలిసింది, బొగ్గును ఎట్లా నిలబెట్టాలో తెలిసింది, కాగితాన్ని ఎక్కడ వదిలేయాలో, నూనె రంగును ఎప్పుడు ఆపాలో. చెయ్యి బాగుపడింది. ముఖం మాత్రం దగ్గరికి రాలేదు. ఎందుకు? కుండ గీసేటప్పుడు తప్పు తప్పని ఎట్లా తెలిసింది? ఎదురుగా కుండ ఉంది కాబట్టి. ఇక్కడ ఎదురుగా ఏముంది? ఎదురుగా ఏదీ లేనప్పుడు తప్పు ఏం నేర్పుతుంది, చీకట్లో దారి తప్పిన మనిషికి దారి తప్పాననైనా తెలియదే. అట్లా చూస్తూ ఉంటే ఇంకోటి కనపడింది. నలుగురికీ గడ్డం ఒకటే. మంజుశ్రీ ఎన్నడూ చెప్పని గడ్డం, కొంచెం ముందుకు వచ్చి, నడుమ గీత పడినట్టు. ఎక్కడో చూసింది. లేచి అద్దంలో చూసుకుంది. తన గడ్డమే. తనకు తెలియకుండా, నాలుగు సార్లూ, నాలుగు రకాల రంగుల్లోనూ, చెయ్యి తనకు తెలిసినదాన్నే గీసుకుంటూ పోయింది. చూడని చోటల్లా తననే పెట్టింది. పెళ్లి చేసుకోని, పిల్లలు లేని తన గడ్డంతో నలుగురు పిల్లలు నేల మీద పడుకుని ఉన్నారు. అమ్మ వచ్చి చూస్తుందేమోనని గబగబా వాటిమీద దుప్పటి కప్పింది, వెంటనే ఊపిరాడదేమోనని తీసేసింది. తీసేసి, తాను చేసిన పనికి తానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఐదోది పాస్టెల్, రంగు సుద్దలతో వేసింది. ఈసారి తెలిసినవన్నీ వాడింది. గడ్డాన్ని జాగ్రత్తగా మార్చింది. బాగా వచ్చింది, ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, ఇంత బాగా తానెప్పుడూ వేయలేదు. అదే ఇప్పుడు భయం. లోపల ఆ పిల్ల అవునంటే? అవునని, ఇంకో వారానికి మళ్లీ పెరుగుతోందంటే? ఈ బొమ్మ కూడా ఎవరి పిల్లో కాదని ఎట్లా చెప్పగలదు? మజ్జిగ మీద చిన్న ఈగ వాలింది. రజిని చేత్తో తోలింది. కింద బేరం తెగినట్టుంది, ఆడమనిషి గొంతు ఆగిపోయింది. లారీ వెళ్లిపోయింది. ఉన్నట్టుండి ఇల్లంతా నిశ్శబ్దమయింది. ఆ నిశ్శబ్దంలో గొళ్లెం తీసిన చప్పుడు.

మంజుశ్రీ వచ్చింది. ఏడ్చిన ముఖం కాదు, నిద్ర లేచిన ముఖంలా ఉంది. బొమ్మను రెండు చేతుల్లో, అద్దం పట్టుకున్నట్టు పట్టుకుని, సోఫా దాకా రాకుండా నేల మీద, ఆ నల్లబండల మీదనే కూర్చుంది.

"ఇదీ కాదు మేడమ్."

"యాడ తప్పిందో చెప్పు మంజూ. ఈడనే దిద్దుతా. ముక్కా? పెదవులా?"

"నాకు తెల్దు."

"కండ్లు ఇంకా కిందికి రావాల్నా?"

"నాకు తెల్దు మేడమ్." బొమ్మను పక్కన పెట్టింది. "నేను పాపను సూడల్యా."

రజినికి మొదట అర్థం కాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"మత్తులో ఉంటి. తెలివొచ్చేతలికి అంతా అయిపోయింది. మట్టి గూడా కప్పేసి వచ్చినారు. నేనడిగితే వాళ్లేడుస్తారని నేను అడగల్యా. చెప్తే నేనేడుస్తానని వాళ్లు చెప్పల్యా."

"మరి నాకు చెప్పిందంతా?"

"కడుపుతో ఉన్నెప్పుడు అనుకున్నేది. నెలకో ముకం అనుకుంటి." మంజుశ్రీ తల వంచుకుంది. "ఏదో ఒకటి గీస్తారు గదా, సూస్తానే నాకే తెలిసిపోతాది ఇదేనని, అనుకున్యా. కన్నదాన్ని గదా, తెలీదా అనుకున్యా. తెలీల్యా మేడమ్."

కోపం వస్తుందేమోనని రజిని ఎదురుచూసింది. రాలేదు. జమ్మలమడుగు ఇంట్లో నలుగురు కళ్లముందు కదిలారు, నెలకో ముఖం, ఒక్కో నెలా ఈ పిల్ల ఏదో కిటికీ దగ్గర కూర్చుని, కడుపు మీద చెయ్యి వేసుకుని, ఇట్లుంటాదేమో, కాదు ఇట్లుంటాదేమో అనుకున్న ముఖాలు. ఆమె అనుకున్న ముఖాలకూ తాను గీసిన ముఖాలకూ నడుమ ఎక్కడా ఆ పాప లేదు. ఇన్నాళ్లూ తానొక్కతే ఏమీ కనపడకుండా గీస్తున్నాననుకుంది, చెప్పే మనిషికీ ఏమీ కనపడలేదు.

వంటింటి గుమ్మంలో శేషమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో. ఈసారి ముఖం తిప్పుకోలేదు.

"నన్నడగల్సింది," అంది.

మంజుశ్రీ అటు చూడకుండానే, "అడిగితే చెప్తావుంటివా అత్తా?" అంది.

 శేషమ్మ గుమ్మం వదిలి రెండడుగులు వేసి, గోడ పట్టుకుని, కోడలికి కొంచెం దూరంలో నేల మీద కూలబడింది. రజిని కూడా సోఫా దిగి కింద కూర్చుంది. సంచిలోంచి ఒక తెల్ల కాగితం, అట్ట, పెన్సిల్ తీసింది. 

"పెద్దమ్మా, మీరు సూసిందే చెప్పండి. సూడంది ఒక్క ముక్క గూడా వద్దు. ఎంత తక్కువైనా పర్వాల్యా."

"ముకం నేనూ సూడల్యా," అంది శేషమ్మ.

మంజుశ్రీ తలెత్తింది.

"నర్సమ్మ నా చేతుల్లో పెడతానే కొంగు కప్పేస్తి. సూస్తే ఇంగ దించలేనని. ఇంటికొచ్చి నీ ముందర నిలబడాల గదా నేను, ఆ ముకం నా కండ్లల్లో పెట్టుకుని ఎట్ల నిలబడేది? వంశీ వచ్చి తీసుకునేదాంక ఆడ బల్ల మీద కూసోని పట్టుకోనుంటి. ఎవురూ ల్యా. నేనూ, అదీ." ఆగింది. చీర కుచ్చెళ్లు మోకాళ్ల మీద సర్దుకుంది. "కాలు బయటికొచ్చింది."

రజిని పెన్సిల్ కొనను కాగితానికి ఆనించింది, శేషమ్మ చెబుతూనే ఉంది.

"కుడికాలు. కొంగు కింద నుంచి. సలి తగుల్తాదని లోపలికి పెట్టి సర్దినా. మళ్లా వచ్చింది. మళ్లా సర్దినా. ఇంగోసారి వచ్చినాక పెట్టల్యా. అట్లే పట్టుకున్యా."

"ఎంతుండె?" రజిని అడిగింది, తన గొంతు తనకే వినపడనంత మెల్లగా.

శేషమ్మ తన అరచెయ్యి చాపి, నడుమన వేలితో గీత గీసినట్టు చూపింది. "ఇంత. సగానికి. మడమ మీద చర్మం వదులు, నీళ్లల్లో నానిన వేళ్ల మాదిరి ముడతలు. పాదం బోద, లావుగా, ఒంపు ల్యా. రెండో వేలు బొటనేలిని దాటిపోయింది. గోర్లు ఉండె. శానా పల్సన."

మంజుశ్రీ కూర్చున్న చోటనే కదిలింది. చీర కింద నుంచి కుడిపాదం మెల్లగా ముందుకు చాపింది, నల్లబండ మీద. ముగ్గురూ చూశారు. రెండో వేలు బొటనవేలిని దాటి ఉంది.

రజిని గీయడం మొదలుపెట్టింది. ఎన్ని నెలలకో కళ్లకు ఎదురుగా ఒకటుంది చూసుకోవడానికి. వేలి వంపు చూసి, కాగితం చూసి, మళ్లీ వేలిని చూసి. దాన్ని చిన్నది చేసి, ఎముకను దాచి, ఒంపును పూడ్చి. శేషమ్మ ఎప్పుడు జరిగిందో, ఆమె భుజం రజిని భుజానికి ఆనింది. "అంత పొడుగు గాదు మడమ," అంది. రజిని దాని లోపలిగా ఇంకో గీత గీసింది. "ఆ. ఇంగా కొంచెం. బొటనేలు ఇట్ల లోపలికి తిరిగుండె." తిప్పింది. "ఆ. అట్ల." కాలి పైన ఒక కొంగు అంచు, మడత పడి. ఆ పైన శేషమ్మ ఏమీ చెప్పలేదు, రజిని ఏమీ గీయలేదు. కొంగు పైన ఉన్నంత మేరా కాగితం తెల్లగా ఉండిపోయింది. చెయ్యి అటు పోవాలని చూడలేదు, భయమూ వేయలేదు.

కాగితం తిప్పి మంజుశ్రీ ముందు పెట్టింది. అరచేతిలో సగం ఉన్న పాదం, కొంగులోంచి బయటికొచ్చి.

మంజుశ్రీ దాన్ని ముట్టుకోలేదు. చాలాసేపు చూసింది. చూస్తూనే అడిగింది.

"సల్లగుండెనా అత్తా?"

"ల్యామ్మా." శేషమ్మ తన అరచెయ్యి చూసుకుంది. "నా చేతిలో ఎచ్చగనే ఉండె. వంశీ వచ్చేదాంకా ఎచ్చగనే ఉండె."

మంజుశ్రీ నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. నెలల తరబడి ఈ ఇల్లు ఎదురుచూసిన చప్పుడు. కింద కొట్లో ఎవరో మాట ఆపారు. మెట్ల మీద వంశీకృష్ణ అడుగులు పరుగున వచ్చి, గుమ్మం దగ్గర ఆగిపోయాయి. అతను లోపలికి రాలేదు. శేషమ్మ కోడలిని దగ్గరికి లాక్కుంది. లాక్కోవడం రాని మనిషి లాక్కున్నట్టు, జబ్బ పట్టుకుని, మోటుగా. మంజుశ్రీ ముఖం ఆమె ఒళ్లో పడింది. రజిని పెన్సిల్ పట్టుకునే కూర్చుంది, ఎటు చూడాలో తెలియక ఆ ముసలి చేతుల వంకే చూస్తూ. అవి కోడలి తల మీద ఎక్కడ ఆనాలో తెలియక కాసేపు గాల్లో ఆగి, ఆ తర్వాత జుట్టు మీద దిగాయి.

చాలాసేపటికి ఒళ్లోంచి మంజుశ్రీ గొంతు వినపడింది, తడిసి, ముద్దగా.

"ఇంగోసారి చెప్పత్తా."

శేషమ్మ గుమ్మంలో నిలబడ్డ కొడుకు వైపు ఒకసారి చూసింది. కళ్లు తుడుచుకోకుండానే, నర్సమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది.